తిరుపతి వద్దని మద్రాసు పోయిన గంగులయ్య

సూళ్లూరుపేటకు తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న పల్లెలో బి.కాం. దాకా చదివినవాడు గంగులయ్య ఒక్కడే. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి పేరమ్మ రొయ్యలూ ఎండుచేపలూ గంపకెత్తుకుని సూళ్లూరుపేట వీధుల్లో తిరిగి అమ్మి, కొడుకును నెల్లూరు కాలేజీకి పంపింది. ఆమె ముద్దు చేసే తల్లి కాదు. కొడుకు సెలవులకు ఇంటికొస్తే, చదువు ఎప్పుడు తెములుతుందని గుమ్మంలోనే అడిగేది.

కాలేజీలో గంగులయ్యకు రంగనాయకులంటే మొదటి నుంచీ పడదు. రంగనాయకులు అల్లూరు వైపు మాగాణి రైతు కొడుకు. ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు. హాస్టల్లో భోజనాల దగ్గర గంగులయ్య పక్కన చోటు దొరికితే ఆకు చేత్తో పట్టుకుని లేచి, అవతలి వరసలోకి పోయేవాడు. ఎందుకు లేచావని ఒకసారి వంటవాడు అడిగాడు. రంగనాయకులు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నవ్వాడు. వరసంతా నవ్వింది. గంగులయ్య ఆ పూట సగం అన్నంలోనే ఆకు మడిచి లేచాడు. అది మొదలు పరీక్షల్లో అతని కంటే ఒక్క మార్కైనా ఎక్కువ తెచ్చుకోవాలని కసిగా చదివాడు. అకౌంటెన్సీలో, లెక్కల్లో ఎప్పుడూ తనదే పైచేయి. ఇంగ్లీషులో ఎప్పుడూ రంగనాయకులిదే.

అరవై నాలుగులో బి.కాం. అయిపోవచ్చింది. గంగులయ్యకు ఎం.కాం.లో బ్యాంకింగూ ఫైనాన్సూ చదవాలని ఉండేది. దానికి రెండు ప్రవేశ పరీక్షలు కనబడ్డాయి. తిరుపతిలో పెట్టేది అంతా రాతపరీక్ష, అకౌంటెన్సీ, లెక్కలు, స్టాటిస్టిక్సు. మద్రాసులో ఒక కాలేజీవాళ్లు పెట్టేదాంట్లో ఇంగ్లీషులో వ్యాసం రాయాలి, ఆ తర్వాత పెద్దల ముందు కూర్చుని మాట్లాడాలి. రెండూ ఒకే రోజున పడ్డాయి.

గంగులయ్య తిరుపతికే పోదామనుకున్నాడు. దరఖాస్తు కూడా తెప్పించుకున్నాడు. ఆ సాయంత్రం హాస్టల్ వరండాలో నలుగురూ కూర్చుని ఎవరెక్కడ రాస్తున్నారో చెప్పుకుంటున్నారు. రంగనాయకులు తాను మద్రాసుకని చెప్పి, గంగులయ్య వైపు తిరిగాడు.

"నువ్వు తిరుపతికే పో. మద్రాసులో నోరు తెరిచి మాట్లాడాలి. నీకు అది రాదు" అన్నాడు.

ఎగతాళిగా అనలేదు. వానొస్తుంది, గొడుగు తీసుకుపో అన్నట్టు అన్నాడు. గంగులయ్యకు ఒళ్లు మండింది. ఆ మాట నిజమని తెలియడం వల్ల మరీ మండింది. తెల్లవారి పోయి మద్రాసుకు దరఖాస్తు పెట్టాడు.

అకౌంటెన్సీ లెక్చరరు హజరత్తయ్యగారికి ఈ సంగతి తెలిసి అతన్ని పిలిపించారు. తిరుపతి పరీక్షయితే కళ్లు మూసుకుని రాస్తావు, ఈ పట్టుదల దేనికని అడిగారు. గంగులయ్య తల వంచుకుని, మద్రాసు చదువుకు విలువెక్కువ సార్ అన్నాడు. ఆయన నమ్మలేదు.

"నువ్వు నీ పరీక్ష రాస్తున్నావా, వాడి పరీక్ష రాస్తున్నావా?" అన్నారు.

గంగులయ్య వెనక్కి తిరిగి వచ్చేశాడు. ఆయన తర్వాత అతన్ని మళ్లీ పిలవలేదు.

మద్రాసులో వ్యాసం ఎలాగో గట్టెక్కించాడు. మధ్యాహ్నం ముగ్గురు పెద్దల ముందు కూర్చోబెట్టారు. జనం దాచుకున్న సొమ్మంతా బ్యాంకు అప్పులకిచ్చెయ్యకుండా కొంత చేతిలో ఎందుకు ఉంచుకుంటుందని అడిగారు. అది గంగులయ్య నిద్రలో లేపినా చెప్పగలడు. 'ది బ్యాంక్' అని మొదలుపెట్టాడు. తర్వాతి మాట రాలేదు. మళ్లీ 'ది బ్యాంక్' అన్నాడు. చెమట మెడ మీదుగా చొక్కాలోకి దిగింది. కాగితం ఇస్తే లెక్క వేసి చూపిస్తానని సైగ చేశాడు. మధ్యలో ఉన్నాయన, ఇక్కడ రాయడం లేదు, మాట్లాడడమే అన్నట్టు చెయ్యి ఊపి పక్కాయనతో అరవంలో ఏదో అన్నాడు. బయటికొస్తుంటే రంగనాయకులు చొక్కా సర్దుకుంటూ లోపలికి పోతున్నాడు.

సీటు రంగనాయకులికి వచ్చింది. గంగులయ్యకు రాలేదు.

పల్లెకు తిరిగొచ్చి తల్లికి చెప్పక తప్పలేదు. తిరుపతి సంగతి, వరండాలో మాట, అన్నీ చెప్పేశాడు. ఆమె చేపలకు ఉప్పు పట్టిస్తూ విన్నది, చెయ్యి ఆపలేదు.

"నువ్వు వాడి మీద పగ తీర్చుకునేదానికా అబ్బయా నేను గంప మోసింది?" అన్నది.

తర్వాత చాలా రోజులు ఆమె కొడుకుతో మాట్లాడలేదు. కంచం పెట్టి అవతలికి పోయేది. గంగులయ్య బెస్తవాళ్ల సొసైటీలో గుమాస్తాగా కుదిరి ఆ ఏడాది నెట్టుకొచ్చాడు. మరుసటేడు ఎవరికీ చెప్పకుండా తిరుపతి పోయి పరీక్ష రాశాడు. మొదటి జాబితాలోనే సీటు దొరికింది. ఎం.కాం. పూర్తి చేసి కావలిలో బ్యాంకు ఉద్యోగంలో చేరాడు. పేరమ్మ అతనితో మాట్లాడడం మొదలుపెట్టింది గానీ ఆ ఏడాదిని మాత్రం క్షమించలేదు. కోపమొచ్చినప్పుడల్లా ఎత్తిచూపేది.

అరవై తొమ్మిదిలో బిట్రగుంట స్టేషన్లో రంగనాయకులు ఎదురుపడ్డాడు. మద్రాసులో ఏదో కంపెనీలో ఉన్నాడట, కొంచెం లావెక్కాడు. క్షేమసమాచారాలు తనే అడిగాడు. గంగులయ్య ముక్తసరిగా బదులిచ్చాడు.

"నేను అప్పుడే తిరుపతికి పొమ్మన్నాను. వినుంటే నీకు ఏడాది కలిసొచ్చేది" అన్నాడు రంగనాయకులు.

"నువ్వు చెప్పినావనే పోలేదు" అన్నాడు గంగులయ్య.

రంగనాయకులు అర్థంకానట్టు చూశాడు. హాస్టల్లో ఆకు పట్టుకుని లేచిపోయిన పూటలు అతనికి గుర్తు కూడా లేవని గంగులయ్యకు అప్పుడు తెలిసింది. గుర్తు చేద్దామని మాట నోటిదాకా వచ్చినా, చెయ్యకుండా ఊరుకున్నాడు. గుర్తు చేస్తే రంగనాయకులు సారీ చెప్తాడేమో, తను సరేననాల్సి వస్తుందేమో. అది అతనికి ఇష్టం లేదు.

మద్రాసు బండి వచ్చింది. రంగనాయకులు చెయ్యి చాచాడు. గంగులయ్య దండం పెట్టి పక్కకు జరిగాడు.