పదిహేడో నంబరు నీళ్ళ లారీ

బస్సు డిపోలో ఆయన్ని అందరూ 'సముద్రం' అని పిలిచేవాళ్ళు. ముద్దుకి పెట్టిన పేరు కాదది. ఇరవై ఆరేళ్ళు బస్సు తోలి ఒక్క కుక్కపిల్లను కూడా తొక్కని మనిషి, నోరు తెరిస్తే మాత్రం ఓడ ఎక్కేసేవాడు. సైన్యంలో ఉండగా పద్నాలుగు నెలలు సముద్రం అవతలి దేశంలో నీళ్ళ లారీ నడిపాననీ, కాల్పుల మధ్య దండుకి నీళ్ళు మోశాననీ, తనకు రెండు పతకాలు రావాలనీ చెప్పేవాడు. "ఏవన్నా ఆ పతకాలు? చేపలు మింగేశాయా?" అని కండక్టర్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేసి బస్సు స్టార్ట్ చేసేవాడు.

నవ్వినవాళ్ళని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. సైన్యం నుంచి బయటికి పంపేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం ఆయన బీరువాలోనే ఉంది. నాలుగో పేజీలో రెండే ముక్కలు: విదేశీ సేవ, లేదు. పతకాలు, లేవు. రాసిన గుమస్తా ఎవడోగానీ చేతిరాత ముత్యాల కోవ. అబద్ధాన్ని అంత అందంగా రాశాక ఇక నిజం మొహం ఎవరు చూస్తారు! పై అధికారి సంతకం, దాని మీద గుండ్రటి ముద్ర కూడా ఉన్నాయి.

ఆయనకు ఒక్కతే కూతురు. రైల్వే పార్సిల్ ఆఫీసులో బుకింగ్ గుమస్తా. పదేళ్ళప్పుడు ఆమె బళ్ళో అందరి ముందూ మా నాన్నకి పతకాలున్నాయని గొప్పగా చెప్పింది. "అయితే రేపు పట్టుకురా, అందరం చూద్దాం" అంది టీచరు. ఇంటికొచ్చి ఇల్లంతా తలకిందులు చేసింది. పతకం లేదుగానీ ఆ పుస్తకం దొరికింది. చదవడం వచ్చిన పిల్ల కదా, చదివింది. మర్నాడు కడుపునొప్పని బడి మానేసింది. ఆ తర్వాత తండ్రి ఓడ కథ మొదలుపెడితే చాలు, ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోయేది. ఆయన్ని నమ్మడం మానేసిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

డెబ్భై ఎనిమిదో ఏట ఆయనకి పట్టుదల పుట్టింది. రికార్డు సరిచేయండంటూ సైనిక రికార్డుల ఆఫీసుకి అర్జీ పెట్టాడు. ఓడలో వెళ్ళినవాళ్ళ జాబితాలో మీ నంబరు లేదు అని జవాబు వచ్చింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే జవాబు, ఈసారి కింద ఒక వాక్యం ఎక్కువ: ముప్పై రోజుల్లోగా అప్పటి కాగితం ఏదైనా చూపకపోతే ఫైలు శాశ్వతంగా మూసివేయబడును.

"శాశ్వతంగానట" అన్నాడాయన కళ్ళజోడు తీసి. "అంటే నేను పోయాక కూడా అబద్ధాలకోరునే."

"పోనీలే నాన్నా. ఎవరేమనుకుంటే మనకేం?"

"నాకే, అమ్మా. నాకు కావాలి."

కథ చెబుతున్న నాకైతే ఆ మనిషి మీద కోపం వస్తుంది. అంత కావాలనుకున్నవాడు యాభై ఏళ్ళు నవ్వుతూ ఎందుకు ఊరుకోవాలి? ముందే గొంతు చించుకుని అడిగి ఉంటే సాక్షులైనా బతికుండేవాళ్ళు. కానీ మెత్తటి మనుషులింతే, గడువు గుమ్మంలోకి వస్తే తప్ప కదలరు.

ముప్పై రోజుల్లో పద్దెనిమిది కరిగిపోయాయి. కూతురు సెలవు పెట్టి మాజీ సైనికుల సంఘాల చుట్టూ, పాత స్నేహితుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. దొరికినవాళ్ళకి గుర్తులేదు, గుర్తున్నవాళ్ళు దొరకలేదు. పంతొమ్మిదో రోజు సెలవు అయిపోయి మళ్ళీ డ్యూటీలో చేరింది.

ఆ రోజు పొద్దున్న పది గంటలకి పార్సిల్ ఆఫీసు ముందు ఒక గుర్రం దిగింది. పందేల గుర్రం. రైలు పెట్టెలో ఎక్కించి పంపాలి. గుర్రంతో పాటు దాన్ని చూసుకునే సైసు కూడా వెళ్ళాలి, దారిలో నీళ్ళు పెట్టడానికి, అది బెదిరితే పట్టుకోవడానికి. కొత్తగా చేరిన గుమస్తా ఆ సైసుని టిక్కెట్ల కిటికీ దగ్గరికి పొమ్మన్నాడు. అక్కడివాళ్ళు ఇక్కడికి పొమ్మన్నారు. బంతిలా అటూ ఇటూ తిరిగి పాపం ఆ మనిషి చెమటలు కక్కుతున్నాడు.

"ఆయన్ని ఎందుకయ్యా తిప్పుతావు?" అని కూతురు కేకేసింది. "గుర్రం వెంట వెళ్ళే మనిషికి విడిగా టిక్కెట్టు ఉండదు. గుర్రం బిల్లులోనే ఆయన పేరు రాయాలి. రేపు ఎవరైనా ఈయన ఏ రైల్లో వెళ్ళాడని ప్రయాణికుల జాబితాలో వెతికితే జన్మలో దొరకడు. సరుకు జాబితాలో..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. చేతిలో రబ్బరు స్టాంపు ఉంది. దాన్ని కాగితం మీద వెయ్యాలి, వెయ్యలేదు. కుర్చీ వెనక్కి పడేలా లేచి నిలబడింది.

"ఏమైందమ్మా?" అన్నాడు సైసు భయంగా.

"మీ గుర్రం చల్లగా ఉండాలండీ!" అంటూ ఆమె ఫోను అందుకుంది. ఇంటికి ఫోను చేసి, హలో కూడా అనకుండా, "నాన్నా, ఓడలో నువ్వెక్కడ పడుకున్నావు?" అని అడిగింది.

"ఏంటి?"

"ఓడలో! పక్కెక్కడ? త్వరగా చెప్పు!"

"పక్కేంటే, అడుగు అంతస్తులో లారీలోనే. వందసార్లు చెప్పా. లారీలకి గొలుసులు కట్టేవాళ్ళు. ఓడ ఊగితే వదులైపోతాయి. నాలుగ్గంటలకోసారి మేమే బిగించుకోవాలి. పైకి రానిచ్చేవాళ్ళు కాదు."

వందసార్లు చెప్పిన మాట నిజం. వందసార్లూ ఆమె లేచి వెళ్ళిపోయింది, అంతే. గొలుసుల దాకా ఎప్పుడూ వినలేదు.

"నాన్నా, నువ్వు మనుషుల్లో లేవు! లారీ సరంజామాలో ఉన్నావు! చొక్కా మార్చుకో, వస్తున్నా!"

మధ్యాహ్నానికల్లా తండ్రీకూతుళ్ళిద్దరూ రికార్డుల ఆఫీసు కిటికీ ముందున్నారు. అక్కడ కూర్చునేది ఒక రికార్డుల గుమస్తా. పదవీ విరమణకి ఆరు నెలలుంది, ఆ ఆరు నెలల ముందే మనసు ఇంటికి వెళ్ళిపోయింది. ఫైలు చూసి నిట్టూర్చాడు. "ఓడ జాబితా రెండుసార్లు చూశామమ్మా. ఐదువందల పన్నెండు మంది. వీరి నంబరు లేదు."

"అది మనుషుల జాబితా కదండీ. బండ్ల జాబితా చూడండి."

"బండ్లకి పతకాలివ్వరమ్మా."

"డ్రైవర్లకి ఇస్తారుగా! లారీతో పాటు అడుగు అంతస్తులో వెళ్ళినవాళ్ళని లారీ లెక్కలోనే రాసుంటారు. మా పార్సిల్ ఆఫీసులో మేం అలాగే రాస్తాం. ఇంతకాలం చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం."

గుమస్తా మొదటిసారి తలెత్తి చూశాడు. బండ్ల కాగితాలు ఈ భవనంలో లేవన్నాడు, ఆవరణ అవతల పాత షెడ్డులో ఉన్నాయన్నాడు, దాని తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవాలన్నాడు. అన్నీ అంటూనే లేచి చెప్పులేసుకున్నాడు. ఆ మనసు ఇంటి నుంచి వెనక్కి వచ్చిందని చెప్పడానికి అంతకంటే రుజువేం కావాలి?

షెడ్డులో ఇనప అరలు, దుమ్ము, కప్పు మీద పావురాల గోల. ముగ్గురూ కట్టలు దించడం మొదలుపెట్టారు. ముసలాయన్ని కూర్చోమన్నా కూర్చోలేదు. టైర్ల కట్ట వచ్చింది, పెట్రోలు కట్ట వచ్చింది, పనికిరాని బ్యాటరీల మీద రెండు వందల పేజీల విచారణ వచ్చింది. నాలుగు కావస్తుండగా గుమస్తా ఒక గోధుమరంగు అట్టని ఊదాడు. దాని మీద ఆ ఓడ పేరు, తేదీ, కింద 'అడుగు అంతస్తు, ఎక్కించిన బండ్లు' అని ఉన్నాయి.

కూతురు పేజీ తిప్పింది. పదిహేను, జనరేటరు బండి. పదహారు, వంట బండి. పదిహేడు, నీళ్ళ లారీ. దాని పక్కన చిన్న గడిలో, గొలుసుల లెక్కకీ విడి టైర్ల లెక్కకీ మధ్య, 'వెంట మనుషులు' అని రెండు నంబర్లు.

"మీ నంబరు చెప్పండి" అన్నాడు గుమస్తా.

ముసలాయన నిటారుగా నిలబడ్డాడు. మడమలు వాటంతటవే కలిశాయి. ఏడంకెల నంబరు గడగడా చెప్పేశాడు. గుమస్తా ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టుకుంటూ వచ్చాడు. ఏడో అంకె దగ్గర వేలు ఆగింది.

"ఉన్నారు సార్" అన్నాడు. అప్పటిదాకా ఆయన్ని సార్ అని ఒక్కసారి కూడా అనలేదు.

"ఉన్నావు నాన్నా! ఉన్నావు!" అని కూతురు అరిచిన అరుపుకి కప్పు మీద పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ముసలాయన టైర్ల కట్ట మీద కూలబడి, పంటి కింద పెదవి బిగించి, పిల్లాడిలా నవ్వాడు. గుమస్తా దుమ్ము చేత్తోనే ఆయన చేయి పట్టుకుని ఊపాడు. అదే జోరులో ఇంకో సంగతీ చెప్పాడు. పతకాల జాబితా తయారుచేసినవాళ్ళు కూడా మనుషుల కాగితాన్నే చూసి రాసుకున్నారట. తిరుగు ప్రయాణం కూడా లారీలతోనే కాబట్టి అక్కడా తప్పిపోయారట. ఇది ఎవరి కుట్రా కాదు, బుర్ర వాడకపోవడం అంతే. కుట్ర అయితే కనీసం ఎవరినో ఒకరిని తిట్టుకునేవాళ్ళం.

గడువుకి ఇంకా పదకొండు రోజులుండగానే నకలు, అర్జీ ఫైల్లో చేరాయి. ఏడు వారాలకి రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. కొత్త పుస్తకంలో నాలుగో పేజీ: విదేశీ సేవ, పద్నాలుగు నెలల ఆరు రోజులు. పతకాలు, రెండు. ఆ రెండూ చిన్న నీలం డబ్బాలో ఉన్నాయి. ముసలాయన వాటిని బల్ల మీద పెట్టి, దగ్గరగా జరిపి, దూరంగా జరిపి, మళ్ళీ దగ్గరగా జరిపి చూసుకున్నాడు. కూతురు ఫొటోలు తీసి డిపో వాళ్ళందరికీ పంపింది. అరగంటలో పాత కండక్టరు ఒకాయన ఫోను చేసి, "అన్నా, చేపలు కక్కేశాయా!" అని గట్టిగా నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చాడు.

అక్కడితో ఆగితే అందరూ సుఖంగా భోంచేసి పడుకునేవాళ్ళు. కానీ ముసలాయన ఆ సాయంత్రమే షెడ్డు కాగితం నకలు తీసి బల్ల మీద పరిచాడు.

"పదిహేడు మొదలుకుని పన్నెండు లారీలు, ఇరవై నాలుగు నంబర్లు" అన్నాడు. "నా ఒక్కడి పుస్తకమేనా తప్పు రాసింది? అందరిదీ అదే చేత్తో రాశారు. పదిహేడులో నా పక్క నంబరు చూడు. వాడు నా జతగాడు. పొడుగాడు అనేవాళ్ళం."

"ఆయన ఉన్నారా?"

"పోయి ఆరేళ్ళయింది. వాడి భార్య ఉంది, నాకు చెల్లెమ్మ వరస. సంఘం పుస్తకంలో ఫోను నంబరుంది, చెయ్యి."

కూతురు ఫోను కలిపి ఇద్దరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది. అవతల ఒక వృద్ధురాలి గొంతు పలికింది. ముసలాయన సంబరంతో ఒక్క గుక్కలో ఓడ, గొలుసులు, షెడ్డు, నంబరు అన్నీ కలిపి చెప్పేశాడు. "వాడి నంబరు నా నంబరు పక్కనే ఉందమ్మా! అర్జీ పెడదాం, వాడికీ రెండు పతకాలొస్తాయి!"

అవతల ఆమె కుర్చీ జరుపుకుని కూర్చున్న చప్పుడైంది.

"అన్నయ్యా" అందామె. "అయితే ఆయన నిజంగానే ఓడ ఎక్కారా?"

"ఎక్కాడమ్మా. పద్నాలుగు నెలలూ నా పక్కనే ఉన్నాడు."

"నేను నమ్మలేదన్నయ్యా. చుట్టాల ముందు, మళ్ళీ ఓడ ఎక్కారా అని నేనే నవ్వించేదాన్ని. పోయే ముందు ఆసుపత్రిలో కూడా ఏదో గొలుసుల మాట ఎత్తితే, ఇప్పుడెందుకండీ అవన్నీ అన్నాను. ఇంకేం మాట్లాడలేదాయన."

కూతురు వంగి ఫోను దగ్గరికి జరిగింది.

"అత్తయ్యా, నేను మీ అన్నయ్యగారి అమ్మాయిని. నేనూ నమ్మలేదు. పదేళ్ళప్పటి నుంచీ, మొన్న ఆ కాగితం చూసేదాకా, ఒక్క రోజు కూడా నమ్మలేదు."

అన్నాక గానీ తండ్రి ఎదురుగానే ఉన్నాడని గుర్తు రాలేదు. తల ఎత్తడానికి ధైర్యం చాలక బల్ల మీది కాగితాన్నే చూస్తూ ఉండిపోయింది. కళ్ళలో నీళ్ళు నిండి అంకెలు అలుక్కుపోయాయి.

ముసలాయన నీలం డబ్బా మూత వేసి పక్కకి పెట్టాడు. ఫోను వైపు వంగి, "చెల్లెమ్మా, రేపు మా అమ్మాయి నీ దగ్గరికొచ్చి కాగితాలు రాస్తుంది. వాడి పుస్తకం తీసి ఉంచు" అన్నాడు. తర్వాత తన కళ్ళజోడు తీసి తుడిచి కూతురి చేతిలో పెట్టాడు.

"ఇది పెట్టుకుని పద్దెనిమిదో లారీ చదువమ్మా" అన్నాడు. "వాళ్ళిళ్ళల్లో కూడా పిల్లలుంటారు."