లైన్‌మన్ ఇంటికి వచ్చి వెళ్ళినవాళ్ళు

భర్త ఉన్నంతకాలం కండక్టరమ్మకు తెల్లవారేది చక్రాల కుర్చీతోనే. మొదటి బస్సు డ్యూటీ కాబట్టి వీధిదీపాలు ఆరకముందే లేచేది. కుర్చీని మంచం పక్కకు లాగి, బ్రేకు బిగించి నిలబడేది. ఆయన చెయ్యి పట్టుకోనిచ్చేవాడు కాదు. రెండు చేతుల మీద బరువు మోపి తనంతట తానే కుర్చీలోకి మారేవాడు. ఆవిడ వెనకనుంచి చొక్కా చివర పట్టుకునేది, అదీ ఆయనకు తెలియకుండా. ఆయనకు తెలుసు. తెలియనట్టు ఊరుకునేవాడు.

ఇప్పుడా కుర్చీ లేదు, ఆసుపత్రికి ఇచ్చేసింది. పొద్దున్నే లేచి ఇంట్లో ఎవరూ ఉండనట్టు సర్దడమే ఇప్పటి పని. దిండ్లు బీరువాలోకి తొయ్యాలి. కిటికీలన్నీ తెరవాలి. ఆయన ఫోటో గోడమీంచి దించి బట్టల కింద పెట్టాలి. "కొందామని చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఇది మనిషి పోయిన ఇల్లని అనిపించకూడదు మేడమ్," అని బ్రోకరు చెప్పాడు. మొదటిసారి ఆ మాటకు ఒళ్ళు మండింది. తర్వాత అలవాటైపోయింది. అలవాటైపోయినందుకు ఇంకా మండింది.

ఆయన కరెంటు లైన్‌మన్. స్తంభం మీంచి పడి నడుము కింద చచ్చుబడ్డాక చాలాకాలం గోడకేసి తిరిగి పడుకున్నాడు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు లేచి కూర్చుని, "ఈ ఇంటిని నాకు అందేట్టు చేసుకుంటా," అన్నాడు. తాపీమేస్త్రీని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చేయించుకున్నాడు. తలుపులు వెడల్పు చేయించాడు. వీధిమెట్ల పక్కనే కుర్చీ ఎక్కడానికి వాలుగా సిమెంటు దారి పోయించాడు. బాత్రూంలో గోడ పొడవునా ఇనపకడ్డీలు బిగింపించాడు. వాష్‌బేసిన్ కిందికి దింపించాడు. స్విచ్చులు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, కుర్చీలో కూర్చునే తన మోచేతి ఎత్తుకు తనే బిగించుకున్నాడు. ఆ తర్వాత పోయేదాకా, గ్లాసుడు మంచినీళ్ళ కోసం కూడా ఆయన ఎవరినీ పిలవలేదు.

అలాంటి ఇంటిని అమ్మడం ఆవిడకు సరదా కాదు. అక్క కూడా ఒంటరిదే. అక్క ఇంటి పక్కనే చిన్న ఇల్లొకటి ఖాళీ అయితే, ఆ యజమాని కాళ్ళావేళ్ళా పడి ఎవరికీ అమ్మకుండా ఆపించింది.

"వానలు వెళ్ళేదాకా చూస్తానన్నాడే. ఆపైన ఎవరొస్తే వాళ్ళకి ఇచ్చేస్తాడట," అంది ఫోన్లో. "నువ్వక్కడ గోడలతో మాట్లాడుకుంటా ఎన్నాళ్ళుంటావు?"

"గోడలు నయమే అక్కా. ఎదురు చెప్పవు."

ఇది అమ్ముడైతేనే అది కొనగలదు. అదీ సంగతి.

బ్రోకరుకు ఏ మాటకైనా "అయిపోయిందనుకోండి" అనడం అలవాటు. కండక్టరమ్మ అతనికి ఆ పేరే ఖాయం చేసింది.

మొదట ఒక బ్యాంకు గుమాస్తా, అతని భార్య వచ్చారు. గదులు నచ్చాయి, వెలుతురు నచ్చింది. ఆ భార్య చెయ్యి కడుక్కుందామని బేసిన్ దగ్గర వంగి, "ఇదేంటండీ, చిన్నపిల్లల బడిలోలా," అని నవ్వింది. వెళ్ళేటప్పుడు, "ఆలోచించుకుని చెప్తాం," అన్నారు. తర్వాత ఫోను ఎత్తలేదు.

"బేసినే అడ్డమొచ్చింది మేడమ్. ఎత్తు చేయించండి. తర్వాత వచ్చేవాళ్ళతో అయిపోయిందనుకోండి," అన్నాడు బ్రోకరు. ఆవిడ ప్లంబరును పిలిచి ఎత్తు చేయించింది.

తర్వాత మందుల షాపాయన. ఆయనకు ఇల్లంతా నచ్చింది గానీ, ఆ వాలుదారి తీసేస్తేనే కారు పడుతుందన్నాడు. "అది పగలగొట్టించండి. ఎల్లుండి వచ్చి మాట ఖాయం చేసుకుంటా." ఇద్దరు కూలీలు పొద్దుగూకేదాకా సుత్తులతో మోదితే గానీ ఆ సిమెంటు కదల్లేదు. ఆవిడ లోపల గదిలో కూర్చుంది. ఆ చప్పుడు వినలేక రేడియో పెట్టుకుంది, రేడియో కూడా వినపడలేదు. అన్న రోజుకి ఆయన రాలేదు. బ్రోకరు ఒక్కడే వచ్చి నీళ్ళు నమిలాడు.

"వాళ్ళ బావమరిదికి వీధి మలుపు నచ్చలేదట మేడమ్."

"ఆ మలుపు నేను నిన్న తిప్పానా? ఆయన వచ్చినరోజు లేదా అది?"

"పెద్దవాళ్ళు కదండీ, ఏమంటాం."

"మీరేమీ అనరు. సుత్తి దెబ్బలు తిన్నది నా ఇల్లు."

మూడోసారి కొత్తగా పెళ్ళయిన జంట. ఆ కుర్రాడు ఆవిడను "ఆంటీ, ఆంటీ" అంటూ వెంట తిరిగాడు. బాత్రూం చూసి, "కడ్డీలు తీసేస్తే బావుణ్ణు ఆంటీ, ఆసుపత్రిలా ఉంది," అన్నాడు. ఈసారి ఆవిడ ఎవరినీ పిలవలేదు. భర్త స్క్రూడ్రైవరు తీసుకుని తనే విప్పింది. కొన్ని మరలు తుప్పుపట్టి తిరగలేదు. అరచేయి బొబ్బలెక్కింది. కడ్డీలు మంచం కింద పెట్టి, బెజ్జాలు పుట్టీతో పూడ్చి, ఇంత చేశాక ఆ పిల్లలు కూడా మొహం చాటేశారు. వేరేచోట ఫ్లాటు తీసుకున్నారని ఇంకెవరో చెబితే తెలిసింది.

వారం తిరగకముందే ఆ జంట ఆవిడ బస్సే ఎక్కింది. కుర్రాడు ఆవిణ్ణి చూడగానే ఫోను మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ టికెట్ల మిషను పట్టుకుని సీటు పక్కన నిలబడింది.

"ఎక్కడికి నాయనా?"

"చివరి స్టాపుకి ఆంటీ."

"చివరిదాకా? మధ్యలో మనసు మారదు కదా?"

వెనకసీట్లో కూరగాయల బుట్టలావిడ నవ్వింది. ఎందుకో తెలియకపోయినా పక్కవాళ్ళూ నవ్వారు. కొత్తపెళ్ళికూతురు తల దించుకుంది. కుర్రాడు మెల్లగా, "సారీ ఆంటీ, మీతో ఎలా చెప్పాలో తెలియలేదు," అన్నాడు.

"కడ్డీలు తియ్యమని చెప్పడం తెలిసింది గదా," అని టికెట్లు చింపి చేతిలో పెట్టింది. ఆ రోజంతా ఆ మాట అన్నందుకు ఆవిడకు హాయిగా ఉంది. ఇంటికొచ్చి బాత్రూంలో పుట్టీ మచ్చలు చూసేసరికి ఆ హాయి కాస్తా పోయింది.

వానలు సగంలో ఉండగా బ్రోకరు ఫోన్ చేసి, "ఇంకో పార్టీ అడుగుతున్నారు గానీ వద్దులెండి మేడమ్, టైం దండగ. ఎవరో బడిలో లెక్కల టీచరట. కుర్చీలో తిరిగే మనిషి. మీ కుర్చీ తీసుకున్న ఆసుపత్రివాళ్ళే చెప్పారట, ఇలాంటి ఇల్లొకటి ఉందని," అన్నాడు.

కండక్టరమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"రమ్మనండి," అంది.

సన్నగా వాన పడుతుండగా వచ్చారు, టీచరూ ఆమె తమ్ముడూ. టీచరు గేటు దగ్గరే ఆగి మెట్లకేసి చూసింది.

"వాలుదారి ఉందన్నారే?"

"ఉండేదండి. అవన్నీ తీసేసి ఇల్లు బాగుచేశాం," అన్నాడు బ్రోకరు ముందుకొచ్చి.

బాగుచేశాం అన్న మాట కండక్టరమ్మకు చెంపమీద కొట్టినట్టు తగిలింది. కిందికి దిగి, కుర్చీ ఒకవైపు పట్టుకుంది. రెండోవైపు తమ్ముడు పట్టుకున్నాడు. పైకి ఎత్తుతున్నంతసేపూ టీచరు ఎవరి మొహమూ చూడలేదు.

లోపలికొచ్చాక ఆమె మనిషే మారిపోయింది. ఏ తలుపుకూ చక్రం తగల్లేదు. హాల్లో స్విచ్చు దగ్గర ఆగి, చెయ్యి చాచకుండానే లైటు వేసింది. ఆర్పింది. మళ్ళీ వేసింది. "చూశావురా," అంది తమ్ముడితో. అంతే. వంటింట్లోకి వెళ్ళి ఒక్క తిప్పులో వెనక్కి తిరిగి, ఇంకా ఏదో అనబోతూ బాత్రూంలోకి వెళ్ళింది.

అక్కడ బేసిన్ ఆమె ఛాతీకి ఆనుతోంది. చెయ్యి పైకెత్తి కొళాయి తిప్పింది. నీళ్ళు మోచేతిమీంచి జాకెట్టు చేతిలోకి కారాయి.

"ఇది మొదట్నించీ ఇంతెత్తులోనే ఉందా అమ్మా?"

"లేదు. కిందే ఉండేది. నేనే ఎత్తించాను."

"ఎందుకు?"

"కొనేవాళ్ళు వంగలేరట."

టీచరు తడిసిన చెయ్యి తుడుచుకుంటూ గోడమీది పుట్టీ మచ్చల్ని ఒక్కొక్కటే చూసింది. ఏం ఉండేవో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"సరే అమ్మా. ఆలోచించుకుని..."

"ఆ మాట అనకు తల్లీ," అంది కండక్టరమ్మ. "నీకు దణ్ణం పెడతా. వద్దంటే వద్దని నా మొహం మీదే చెప్పు. నేనేమీ అనుకోను."

టీచరు ఆవిణ్ణి కొత్తగా చూసింది.

"అయితే వద్దు. ఇల్లు నచ్చింది. ఇలా అయితే వద్దు. ఇద్దరు మోస్తే తప్ప వీధిలోకి పోలేని ఇంట్లోనే ఇప్పుడూ ఉన్నాను. అలాంటిది ఇంకోటి ఎందుకు కొనుక్కోవడం?"

"దానికేముందండీ, తీసుకున్నాక మీరు కట్టించుకోవచ్చు," అన్నాడు బ్రోకరు.

"ఉన్నదాన్ని మీరు పగలగొట్టి, నన్ను కట్టుకోమంటారా?"

బ్రోకరు గోడకేసి చూశాడు. కండక్టరమ్మకు టీచరు మీద కోపం రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది నిజమే, కానీ అది తనమీద. వద్దనుకున్న ప్రతివాడి మాటా విని, కావాలనుకునే మనిషి వచ్చే వేళకి ఇంటిని పనికిరాకుండా చేసి పెట్టింది.

"వాలుదారి నేను పోయిస్తాను. కడ్డీలు మంచం కిందే ఉన్నాయి, బిగిస్తాను. బేసిన్ దింపిస్తాను. అప్పుడొచ్చి చూడు."

"కొంటానని మాటివ్వలేనమ్మా."

"మాట నేనడగలేదు. వద్దనుకుంటే నువ్వే ఫోన్ చెయ్యి. ఈయన చేత చెప్పించకు."

"నేనే చేస్తాను," అంది టీచరు.

వాళ్ళను మెట్లు దింపి ఆటో ఎక్కించి వచ్చేసరికి బ్రోకరు హాలు మధ్యలో నేలకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు. తడి చక్రాల బురద జాడలు రెండు, గుమ్మంనుంచి హాలు దాటి వంటింటిదాకా వెళ్ళి, అక్కడ గుండ్రంగా తిరిగి బాత్రూంవైపు సాగాయి.

"సాయంత్రం పెద్ద పార్టీ వస్తోంది మేడమ్. గబగబా ఈ బురద తుడిచేయండి. రేపు ఆ స్విచ్చులు పైకి మార్పించేస్తే అయిపోయిందనుకోండి."

"స్విచ్చుల జోలికి ఎవరొచ్చినా ఊరుకోను. మీ పార్టీకి ముందే చెప్పండి, ఇల్లు ఇలాగే ఉంటుందని. ఇష్టమైతే రమ్మనండి."

"వానలు అయిపోతే మీ అక్కగారి పక్కిల్లు పోతుందన్నారు కదండీ."

"పోతే పోయింది. మళ్ళీ వెతుక్కుంటాం."

అన్నంత తేలిగ్గా లేదు ఆ మాట. అయినా వెనక్కి తీసుకోలేదు. బ్రోకరు గొడుగు వెతుక్కుని వెళ్ళిపోయాడు.

ఆవిడ అలవాటుకొద్దీ బకెట్లో నీళ్ళు పట్టి, తుడుపుగుడ్డ తడిపి పిండింది. గుమ్మం దగ్గర వంగి, మొదటి జాడమీద చెయ్యి ఆపింది. ఆయన పోయాక ఈ నేలమీద చక్రం తిరగడం ఇదే మొదటిసారి. గుడ్డను బకెట్ అంచున ఆరేసి, బకెట్‌ను పెరట్లో పెట్టేసి వచ్చింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, తాపీమేస్త్రీకి ఫోన్ చేసింది. అవతల మోగుతున్నంతసేపూ ఆ జాడలు తొక్కకుండా కాళ్ళు పక్కకు పెట్టుకుంది.