నా మంచం మీద పడుకున్న మనిషి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా జగిత్యాల వైపు దయ్యాన్ని చూశామని ఒట్టేసి చెప్పినవాళ్లలో కల్లు ముట్టనివాణ్ణి ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ బయట చెప్పలేదు. చెబితే నన్నూ వాళ్ల పక్కనే కూర్చోబెడతారు.

డెబ్బైల నడిమి మాట. ఒమన్‌లో నిజ్వా దాటి చాలా లోపలికి, ఎడారిలో నూనె పైపులైను వేస్తున్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. జనరేటర్ దగ్గర రాత్రి డ్యూటీ. నన్ను అక్కడికి తీసుకుపోయింది మా అక్క భర్త రాజేశం బావ. ఆయన పగటిపూట వెల్డర్ల దగ్గర హెల్పరు.

రాత్రి డ్యూటీ వాళ్లకు వేరే కేబిన్ ఉండేది. పొడుగాటి రేకుల గది. తలుపు దగ్గర పంపు చూసే కుంజుమోన్, పఠాన్ డ్రైవర్ గుల్ ఖాన్ పడుకునేవాళ్లు. లోపలి చివర, గోడకు ఆనుకుని నా మంచం. మధ్య మంచాలు దారిన పోయే ట్యాంకర్ డ్రైవర్ల కోసం. చల్లగాలి మిషన్ నేరుగా నా మంచం మీదికే కొట్టేది కనుక దానిమీద అందరి కళ్లూ ఉండేవి.

ఆ క్యాంపులో రాసిపెట్టని చట్టం ఒకటుంది. పగలు పడుకున్న మనిషిని లేపకూడదు. రాత్రంతా డ్యూటీ చేసొచ్చినవాడి నిద్ర చెడగొడితే ఆ ఎడారిలో ఇక మీతో మాట్లాడేవాడుండడు. తన మంచం మీద పరాయివాడు పడుకుని ఉన్నా సరే, తిట్టుకుంటూ ఇంకో చోటు వెతుక్కోవాల్సిందే.

నాకు మాత్రం ఎక్కడ పడుకున్నా నిద్ర లేదు. కన్ను మూస్తే పీడకలలు. కేక పెట్టి లేచేవాణ్ణి. రోజంతా ఒళ్లు చిరచిర, ఎవరు పలకరించినా కొరకాలనిపించేది. బావ మాత్రం నన్ను వదిలేవాడు కాదు. నన్ను క్షేమంగా చూసుకుంటానని అక్కకు మాటిచ్చి వచ్చాడాయన.

"నెత్తి కింద ఇనుము పెట్టుకో బామ్మర్ది, పాడు కలలు రావు. ఇంటికాడైతే కొడవలి పెడ్తుంటిమి. ఈడ కొడవలి యాడికెల్లి తేవాలె?" అన్నాడొకసారి.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇక్కడ పైపుల సంగతి కొంచెం చెప్పాలి. వెల్డింగ్ సరిగా అతికిందో లేదో తెలియడానికి పైపులకు ఎక్స్‌రే లాంటి ఫొటోలు తీసేవాళ్లు. దానికి కరెంటు అక్కర్లేదు. సీసపు డబ్బాలో ఇరీడియం అనే లోహం చిన్న ముక్క ఉంటుంది. తీగతో దాన్ని బయటికి తోస్తే దాని కిరణాలు ఉక్కులోంచి దూరి అవతలి ఫిల్ము మీద పడతాయి. మనుషులు దగ్గర ఉండకూడదని ఆ పని రాత్రిళ్లు చేసేవాళ్లు. మా కూలీలకు తెలిసిందల్లా ఎర్రతాడు కట్టిన చోటికి పోకూడదని. తాడు విప్పేశాక ఏముంటుందో ఎవరూ చెప్పలేదు.

ఒక రాత్రి ఆ ముక్క తీగ నుంచి ఊడి కందకం గట్టున పడిపోయింది. ఫొటోలు తీసేవాళ్లకు ఆ సంగతి తెలియలేదు. పొద్దున్నే తాడు చుట్టేసుకుని వెళ్లిపోయారు.

అది బావకు దొరికింది. చిటికెన వేలంత, తోక లాంటి తీగతో, తెల్లగా మెరుస్తూ ఉందట. మంచి ఉక్కు, బామ్మర్దికి పనికొస్తుందనుకున్నాడు. గుడ్డపేలికతో చాలాసేపు రుద్ది తుడిచి, పికప్ బండిలో పనిముట్ల పెట్టెలో పడేశాడు. మధ్యాహ్నం నేను మెస్‌లో తింటుండగా వచ్చి నా దిండు గలీబులో దోపి పోయాడు. చెబితే మళ్లీ నవ్వుతానని నాకు చెప్పలేదు.

నేను తిని కేబిన్‌కు వచ్చేసరికి నా మంచం మీద ఎవడో పడుకుని ఉన్నాడు.

నీలం డ్యూటీ బట్టలు. ముఖం గోడవైపు. అరికాళ్లు పగిలి, ఇసుక పట్టి ఉన్నాయి. తల నా దిండు మీదే ఉంది. వీపు మెల్లగా లేస్తూ పడుతూ ఉంది. ఎవడో ట్యాంకర్ డ్రైవర్ అనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పాలంటే మంచం పోయినందుకు కాదు, వాడంత హాయిగా నిద్రపోతున్నందుకు. మెస్ వెనక వసారాలో బియ్యం బస్తాల మీద వాలాను. చిత్రం, అక్కడ కలలు రాలేదు.

మర్నాడు పొద్దున డ్యూటీ దిగి వస్తే మళ్లీ వాడే. అదే పక్క, అదే తీరు. భుజం పట్టి కుదుపుదామని చెయ్యి చాచాను కూడా. గుల్ ఖాన్ అటు ఒత్తిగిలాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, తిన్నగా క్యాంప్ బాస్ దగ్గరికి పోయి పోట్లాడాను. ఆ వారం డ్రైవర్లెవరూ క్యాంపులో దిగలేదని, ఆ మంచం ఎవరికీ ఇవ్వలేదని ఆయన తేల్చి చెప్పాడు.

ఆ మాటలు సాగుతుండగానే అటు కలకలం మొదలైంది. రాత్రి తీసిన ఫిల్ములు కడిగితే అన్నీ ఖాళీగా వచ్చాయట. దాంతో ముక్క పోయిందని తెలిసింది. ఫొటోలు తీసే ఇంగ్లిషాయన, కిరణాలు తగిలితే టకటకమనే పెట్టె పట్టుకుని కందకం వెంట తిరిగి, క్యాంపులోకి వచ్చాడు. మా కేబిన్ గోడ దగ్గర ఆ చప్పుడు ఆగకుండా ఒకటే మోతైంది. లోపలివాళ్లను బయటికి తరిమారు. కుంజుమోన్, గుల్ ఖాన్ ఇద్దరే వచ్చారు. నా మంచం ఖాళీగా ఉంది. పొడుగాటి పటకారుతో దిండులోంచి ఆ ముక్కను తీశారు.

"గా ముక్క నేనే పెట్టిన," అన్నాడు బావ.

దానిమీద తల పెట్టి పడుకున్నవాడు కొద్ది వారాలు కూడా బతకడని ఫోర్‌మన్ హిందీలో చెప్పాడు. బావ ఇసుకలో కూలబడ్డాడు.

"మీ అక్కకు ఏ మొఖంతోని చెప్పాలెరా," అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నేను పడుకోలేదని, వేరేవాడెవడో పడుకున్నాడని మొత్తుకున్నాను. ఎవరూ నమ్మలేదు. కుంజుమోన్, గుల్ ఖాన్ ఇద్దరూ విడివిడిగా ఒకే మాట చెప్పారు. రెండు రోజులూ ఆ మంచం మీద మనిషిని చూశామని, అది నేనే అనుకున్నామని. అయినా ఇంగ్లిషాయన వదలకుండా క్యాంపులో అందరినీ వరుసగా నిలబెట్టి పేర్లు పిలిపించాడు. అలాంటివాడు నిజంగా ఉంటే వాడు చావబోతున్నట్టే కదా. ఒక్కడూ తగ్గలేదు. ఆ మంచం ఎక్కానన్నవాడూ లేడు.

మా నలుగుర్నీ మస్కట్ ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ రూత్ అనే నర్సు ఉండేది, నర్సాపురం ఆవిడ. రోజూ నా రక్తం తీసేది. మద్రాసులో ఇలాంటి కిరణాలతోనే కాన్సర్ పుండ్లు మాన్పే చోట పనిచేసిందట. రేడియం కనిపెట్టిన మహాతల్లి కూడా చివరికి ఆ కిరణాల వల్లే పోయిందని చెప్పింది. రక్తంలో తెల్లకణాలు పడిపోతే నా పని అయిపోయినట్టే. రోజూ ఆవిడ ముఖం చూడటమే నా పని. కూర్చోలేను, పడుకోలేను. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉండేవాణ్ణి.

ఆ కణాలు పడిపోలేదు.

"మీ రక్తం శుభ్రంగా ఉందండీ," అంది రూత్ ఒకరోజు. "మీరు అసలు ఆ మంచమే ఎక్కలేదు. దేవుడికి స్తోత్రం చెప్పుకోండి."

దూరంగా పడుకున్నారు కనుక కుంజుమోన్, గుల్ ఖాన్ కూడా బయటపడ్డారు. బావ వేళ్లు మాత్రం బొబ్బలెక్కి నల్లబడ్డాయి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తీసేశారు. కట్టు కట్టించుకుంటూ కూడా ఆయన నా రక్తం సంగతే అడిగేవాడు.

అక్కడితో అయిపోతే నేనిది రాసేవాణ్ణి కాదు. ఇంగ్లిషాయన ఒక ఫిల్ము పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. నా మంచం ఆనుకున్న గోడకు అవతల వాళ్ల ఫిల్ముల గది. అక్కడున్న కొత్త ఫిల్ములన్నీ ఆ ముక్క వల్ల పాడయ్యాయి. అందులో ఒకటి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఫిల్మంతా నలుపు. నడుమ మాత్రం పాలిపోయిన మచ్చ. అది మనిషి తల. కింద భుజం గీత. కిరణాలకు అడ్డుగా దేహం ఉంటేనే ఫిల్ము అక్కడ నల్లబడదట.

ఇది నువ్వే అన్నాడాయన. రూత్ నా రక్తం కాగితం చూపించింది. ఆయన ఆ రెండింటినీ మార్చి మార్చి చూసి, ఫిల్ము చుట్టేసుకుని వెళ్లిపోయాడు.

బావ అది మా ఇంటి పెద్దలెవరో అంటాడు. నేను ఒప్పుకోను. పగిలిన ఆ అరికాళ్లు మా వాళ్లెవరివీ కావు.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు. ఆ పొద్దున చాచిన చెయ్యి వెనక్కి తీసుకోకుండా వాణ్ణి లేపి ఉంటే ముఖమైనా చూసేవాణ్ణి. కానీ లేపితే వాడు లేచి పోయేవాడు. మంచం ఖాళీ అయ్యేది. నేను పడుకునేవాణ్ణి.