మూడు చోట్ల నీళ్లు, ఒకటే సీసా

మూడు చోట్ల నీళ్లు ఒకే సీసాలో పట్టి పరీక్షకు ఇచ్చిన ఘనత మా కోలారు జిల్లాలో నాకు తప్ప ఇంకెవరికీ లేదని గట్టిగా చెప్పగలను. ల్యాబులో సీసాకు పన్నెండు వందలు. మూడు సీసాలకు మూడు వేల ఆరు వందలు. నేను పన్నెండు వందలతో పని ముగించి, మిగిలిన రెండు వేల నాలుగు వందలు కొంగున ముడేసుకుని ఇంటికొచ్చాను. ఆ రోజు బస్సులో నా పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడకు కూడా ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను.

నేను పెరిగింది కేజీఎఫ్‌లో, మా నాన్న కిరాణా కొట్టు వెనకగదిలో. మూడు రకాల బెల్లం కలిపి ఒకే ధరకు అమ్మడం మా కొట్టులో పాత విద్య. నల్లబడిన అచ్చులు నలగ్గొట్టి మంచి బెల్లంలో కలిపితే నలుపు కనిపించేది కాదు, ధర మాత్రం మంచి బెల్లానిదే పలికేది. ఆ విద్య పట్టుకుని కురుడుమలె దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాను. పట్టుగూళ్లు అమ్మాలన్నా, మామిడితోట గుత్తకివ్వాలన్నా ఇంట్లోవాళ్లు ఈ రోజుకీ నన్నే ముందుకు తోస్తారు.

మా ఊరి పక్కన ఒక వంక, అంటే చిన్న వాగు, ఉంది. వానలు బాగా పడి పైచెరువు నిండి మరవ పోసిన సంవత్సరాల్లో అది పారుతుంది. ఊరికి ఎగువన బండల మధ్య దాని మడుగు. ఊరికి దిగువన, రోడ్డు కింద నుంచి అది దాటిపోయే మోరీ. మడుగు మా వదినది. కాగితాల్లో కాదు లెండి. వదిన అంటే నా భర్తకు అక్క. వారమంతా పట్టుపురుగులకు ఆకు వేసే మనిషి, ఆదివారం పొద్దున ఎండు సొరకాయ బుర్రలు భుజాన వేసుకుని మడుగుకు పోయి, ఊళ్లో ఆడపిల్లలకు ఈత నేర్పేది. బుర్రలు నడుముకు కట్టి నీళ్లలోకి తోసి, బండ మీద కూర్చుని తిట్టేది. ఆ తిట్లు తిని ఈత రాని పిల్ల మా ఊళ్లో లేదు. బడి మొహం చూడని మా వదినను ఊరంతా టీచరమ్మ అనేది ఆ మడుగు వల్లనే.

ఒక రోజు మోరీ కింద చేపలు వెల్లకిలా తేలాయి. పంచాయతీ అధ్యక్షుడు వచ్చి చూసి, ముక్కు మూసుకుని, వంక మొత్తం చెడిందన్నాడు. పిల్లలు దిగకుండా మడుగులో మట్టి పోయించేస్తానన్నాడు. ఈ నీళ్లలో మనిషి ఈత కొట్టవచ్చు, చేప బతకవచ్చు అని ల్యాబు కాగితం తెస్తే మాత్రం ఆలోచిస్తాడట.

వదిన నా దగ్గరికి వచ్చింది. "ఏమ్మే, బేరాలు నీకు తెలుసు. ఆ కాయితం యాడ ఇస్తారో పోయి పట్టుకొని రా."

"ఎంతలో తేవల్ల వదినా?"

"ఎంతలోనైనా తే. నిజం కాయితం తే."

కోలారులో ల్యాబు వెతికి, డబ్బు కట్టి, వాళ్లిచ్చిన శుభ్రమైన సీసా తెచ్చాను. మడుగుకు పైన బండల దగ్గర మూడో వంతు, మడుగులో మూడో వంతు, మోరీ కింద మూడో వంతు పట్టాను. పైనుంచి వచ్చే తేట నీళ్లు మోరీ నీళ్లను కప్పేస్తాయని నా లెక్క. అచ్చం బెల్లం లెక్క. సీసాను టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, రెండు బస్సులు మారి ఇచ్చి వచ్చాను.

రిపోర్టు వచ్చింది. నేను చదవకముందే అధ్యక్షుడి చేతిలో పెట్టాను, అంత నమ్మకం. ఆయన అందరి ముందూ చదివాడు. క్రిములు హద్దు దాటాయి, స్నానానికి పనికిరాదు. చేపలకు ప్రాణవాయువు చాలదు. సోమవారం మట్టి ట్రాక్టర్లు వస్తాయని అక్కడే చెప్పేశాడు.

వదిన నేరుగా ఇంటికి పోయింది. గోడకు వేలాడుతున్న సొరబుర్రలు తీసి, తుడిచి, అటక మీద పెట్టేసింది. నాలుగు తిట్టి ఉంటే నాకు ఆ రాత్రి అన్నం దిగేది.

మర్నాడు ల్యాబు మీద యుద్ధానికి పోయాను. రిపోర్టు తప్పు, డబ్బు వాపసు ఇవ్వండి, నేను కొట్టు బిడ్డను, నన్ను మోసం చేయలేరు అని గట్టిగా అరిచాను. తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి బయటికి వచ్చింది.

"నీళ్లు యాడ తీసినారు ఆంటీ?"

"మూడు చోట్ల."

"బాటిల్ ఒకటే ఇచ్చినారే?"

"కలిపినా."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడింది. "కొట్టు బిడ్డనంటిరి కదా. మూడు మూటల రాగులు కలిపేసినాక, పురుగు ఏ మూటలోనుంచి వచ్చిందో మీ కొట్లో చెప్తారా?"

చెప్పలేం. అందుకే సంతలో మా నాన్న ఒక్కొక్క మూటనూ ఇనుపగొట్టంతో గుచ్చి, ఒక్కొక్క పిడికెడు వేరు వేరుగా పోసి చూసేవాడు. కలపడం అమ్మేవాడి పని, విడదీయడం కొనేవాడి పని. నేను నిజం కొనడానికి పోయి, అమ్మేవాడి పని చేసి వచ్చాను. ఆ సంగతి నోరు తెరిచి ఒప్పుకోలేక బేరానికి దిగాను.

"సరేమ్మా, మూడు సీసాలు. రెండున్నర సీసాల దుడ్డు ఏసుకో."

"అర బాటిల్‌లో క్రిములు లెక్కబెట్టేదానికి రాదు ఆంటీ."

బుద్ధి తెలిసినప్పటి నుంచి మొదటిసారి అడిగిన ధర అడిగినట్టు కట్టాను. ఆ అమ్మాయి మాత్రం మంచిది. చేప పీల్చే గాలిని బస్సులో మోసుకురాకూడదు, వంక దగ్గరే చూడాలి, ఆదివారం నేనే వస్తానంది. ఆటో బాడుగ నాది.

ఆదివారం వదిన కూడా వచ్చింది, చేతులు కట్టుకుని. ఆ అమ్మాయి మడుగులో మోకాళ్ల దాకా దిగి, పారకానికి ఎదురుగా నిలబడి, సీసాను జానెడు లోతున ముంచి, ఒక్క బుడగ కూడా లేకుండా నింపింది. ఆ నీళ్లలో ఏవో రెండు మందులు వేసి మూత పెట్టి తిప్పింది.

"దీంట్లో గాలుంటే బెల్లం రంగొస్తాది. లేకుంటే తెల్లగా నిలబడతాది," అంది.

ముగ్గురం సీసా మీదికి వంగాం. రంగు తిరిగింది. మా కొట్టులో ఎప్పుడూ అమ్మని అసలైన ముదురుబెల్లం రంగు. వదిన చేతులు విప్పింది.

తరవాత రాళ్లు తిరగేసి పురుగులు చూడాలంది ఆ అమ్మాయి. వదిన చీర ఎగ్గట్టి నీళ్లలోకి దిగేసింది. "ఆ రాయి కాదు, ఈ రాయి. ఎండ్రకాయ ఈడ ఉంటాది. తూనీగ పిల్లలు ఆ గడ్డి మొదట్లో ఉంటాయి, చెయ్యి పెట్టి చూడు పాపా." చెప్పినచోట చెప్పినది దొరికింది. ఆ అమ్మాయి గబగబా రాసుకుంటూ, ఇవన్నీ మంచి నీళ్లలో తప్ప బతకవు, ఎవరు చెప్పారు మీకు అని అడిగింది. "ఎవురు చెప్పేది? అవీ నేనూ ఒకే తావున ఈత కొడతాము కదా," అంది వదిన.

మోరీ కింద మందులు వేస్తే సీసా తెల్లగా నిలబడిపోయింది. బురదలో ఎర్రపురుగులు తప్ప ప్రాణమన్నది లేదు. ఆ అమ్మాయి గట్టు మీద చూసుకుంటూ పోయి ఒకచోట ఆగింది. గడ్డిలోంచి ఒక పైపు బయటికి వచ్చి తెల్లటి నీళ్లు కారుస్తోంది. మహిళా పాల సంఘం డిపోలో క్యాన్లు కడిగిన నీళ్లు. అవి కుళ్లుతూ కుళ్లుతూ వంకలో గాలినంతా తినేస్తాయట.

"ఈ పైపు ఎవరు పెట్టించినారు?"

వదిన నా మొహం చూసింది. సంఘంలో డైరెక్టరును నేనే. పోయిన సంవత్సరం మేస్త్రీ ఇంకుడుగుంతకు మూడు వేలు అడిగితే, "వంక పక్కనే ఉండాది కదప్పా, పదడుగుల పైపు చాలు" అని ఆ మూడు వేలూ ఖర్చులోంచి తీయించేసింది నేనే. ఆ మీటింగులో నాకు చప్పట్లు కూడా కొట్టారు.

సోమవారం పొద్దున మట్టితో రెండు ట్రాక్టర్లు వచ్చాయి. మడుగు దారికి అడ్డంగా నిలబడ్డాను. మూడు చోట్లా మూడు సీసాల్లో పట్టుకుపోయిన నీళ్లలో క్రిములు లెక్కబెట్టి కొత్త రిపోర్టు ఇవ్వడానికి ల్యాబుకు ఇంకా నాలుగు రోజులు కావాలి.

"ఏమక్కా," అన్నాడు అధ్యక్షుడు, "కాయితం నువ్వే తెస్తివి. ఇప్పుడు నువ్వే అడ్డం వస్తావా?"

"ఆ కాయితం నా కక్కుర్తి అప్పా. మూడు తావుల నీళ్లు కలిపినా. చేపలు చచ్చిందీ నా పైపుతోనే. మడుగు బాగుండాది. పది దినాలు ఇయ్యి."

జనం నవ్వారు. నవ్వుతున్నవాళ్లతో బేరం సులువు.

"రెండు దినాలు," అన్నాడు.

"ఎనిమిది."

"నాలుగు. ఇంగ మాట్లాడొద్దు."

నాకు కావలసింది నాలుగే. అంతటితో ఊరుకుంటే నేను మా నాన్న కూతురిని ఎలా అవుతాను? తెచ్చిన మట్టి వెనక్కి మోసుకుపోవడం ఎందుకని, రెండు లోడ్లూ పాల డిపో ముందు గుంటల్లో వేయించుకున్నాను. ఊరికే.

నాలుగో రోజు కాగితం వచ్చింది. బండల దగ్గర నీళ్లు, మడుగు నీళ్లు ఈతకూ చేపలకూ రెండింటికీ తగినవి. మోరీ నీళ్లు దేనికీ పనికిరావు. అధ్యక్షుడు ఈసారీ అందరి ముందు చదివాడు. చదివి మడతపెట్టి, తన కూతురికి కూడా టీచరమ్మ ఈత నేర్పుతుందేమో కనుక్కోమని నన్నే అడిగాడు. వదిన సొరబుర్రల కోసం అటక ఎక్కింది.

ఇంకుడుగుంత తవ్వించాను, పొంగి పొర్లిన నీళ్లు పశువుల గడ్డిమడికి మళ్లించాను. రెండు నెలలకు ఆ అమ్మాయిని మళ్లీ పిలిచాం. మోరీ దగ్గర సీసాలో రంగు తిరిగింది. మడుగంత ముదురు కాదు, అయినా బెల్లమే. ఆమె కాళ్ల మధ్య నుంచి వేలెడు చేపపిల్లలు గుంపుగా ఎగువకు పోతున్నాయి. ఎగువన మడుగులో పిల్లలు దూకుతున్న చప్పుడు, దాని మీద వదిన తిట్లు, మోరీ దాకా వినిపించాయి. అంత మంచి తిట్లు నేను అంతకుముందు వినలేదు.

ఆ సాయంత్రం ఖర్చు రాశాను. సీసాలు మొత్తం ఐదు, ఆరు వేలు. ఆటో రెండు సార్లు, రెండు వేల మూడు వందలు. గుంతకు మేస్త్రీ ఈసారి ఒక్క రూపాయి తగ్గలేదు, నాలుగు వేల ఎనిమిది వందలు, నా చేతి నుంచే. బస్సు ఆడవాళ్లకు ఉచితం కాబట్టి సున్నా. వెరసి పదమూడు వేల వంద. వీటిలో దండగ అయింది మొదటి సీసా ఒక్కటే, కాబట్టి నష్టం పన్నెండు వందలు అని రాసి, వదినకు చదివి వినిపించాను.

"గుంత పోయినేడే తవ్వించింటే?" అంది ఆకు తరుగుతూ. "చేపలు చచ్చేవి కాదు. సీసాలూ లేవు, ఆటో లేదు. సరిగ్గా రాయమ్మే."

కొట్టేసి మళ్లీ రాశాను. అయిన ఖర్చు పదమూడు వేల వంద. కావలసిన ఖర్చు మూడు వేలు. నా బేరం వల్ల నష్టం పది వేల వంద రూపాయలు, చచ్చిన చేపలు కాక.