జీడిపప్పు పెట్టెలో మోగిన పురుగు

ఆ పెట్టెలో పురుగు లేదు. పలాస బజారులో, టెక్కలి బస్సుల్లో, పూండి స్టేషను బెంచీల మీద ఆ పురుగు గురించి చెప్పుకున్న వాళ్లందరికీ ఈ మాట చేరాలని రాస్తున్నాను. పెట్టెలో మోగింది మా బావ గడ్డం ట్రిమ్మరు. ఆ సంగతి నాకు మొదటి క్షణం నుంచీ తెలుసు. తెలిసీ పోస్టాఫీసులో నోరు విప్పలేదు. దాంతో మా మావ కొట్టు పేరు పాడైంది.

మా బావ, అంటే మా అక్క భర్త, ఖరగ్‌పూర్‌లో ఉద్యోగం చేస్తాడు. మా ఇంటికి వచ్చి వెళ్తూ ట్రిమ్మరును అద్దం దగ్గర మరిచిపోయాడు. కూతురు తన మొదటి జీతంతో కొనిచ్చింది కాబట్టి దాని మీద ఆయనకు ప్రాణం. వేరేది కొనుక్కోమంటే వినలేదు. రోజూ ఫోన్లు.

"గడ్డం పెరిగిపోయి మా ఆఫీసు గేటుమేను నన్ను స్వామీ అంటన్నాడ్రా. నిన్న పండిచ్చి దండం ఎట్టేడు. తొరగా పంపు" అన్నాడు.

పోస్టాఫీసు గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద బ్యాటరీ బొమ్మ, బొమ్మకు అడ్డంగా ఎర్ర గీత. నేను హైస్కూల్లో ఫిజిక్సు చెబుతాను. ట్రిమ్మరులో ఉన్నది లిథియం బ్యాటరీ అనీ, అది నలిగినా, లోపల తీగలు కలిసినా మంట పుట్టవచ్చనీ పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన వాణ్ణి. ఆ ఎర్ర గీత విడి బ్యాటరీలకు మాత్రమేనా, వస్తువు లోపల బిగించి ఉన్నవాటికి కూడానా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. పంపకూడదంటే ఆ ఎండలో ఇంటికి తిరిగి వెళ్లాలి. అందుకని అడగలేదు.

అడక్కపోగా తెలివి ఉపయోగించాను. మా అమ్మ తమ్ముడు, మా మావ, పలాసలో చిన్న జీడిపప్పు కొట్టు నడుపుతాడు. ఉద్దానం తోటల నుంచి పిక్కలు తెచ్చుకుని, కాల్చి, ఒలిపించి, పప్పు అమ్ముతాడు. పోస్టాఫీసు పక్క వీధిలోనే ఉన్న ఆ కొట్లోంచి ఒక ఖాళీ అట్టపెట్టె, పావు కిలో విరగని గుండు పప్పు తెచ్చుకున్నాను. మధ్యలో ట్రిమ్మరు పెట్టి చుట్టూ పప్పు పోశాను. జీడిపప్పు అని చెబితే పూర్తి అబద్ధం కాకూడదని నా జాగ్రత్త. పెట్టె పక్కన మావ కొట్టు పేరు ఎర్ర అక్షరాల్లో అచ్చేసి ఉంది. అది చూసుకోలేదు.

మా ఊళ్లో పార్సిలంటే అందులో జీడిపప్పు కాక ఇంకేమైనా ఉంటుందని ఎవరూ అనుకోరు. కౌంటర్లో ఉన్నావిడ తలెత్తకుండానే, "పప్పేనా మాస్టారూ?" అంది.

"పప్పే."

ఆవిడ చీటీ అంటించి ముద్ర ఎత్తి ఠప్పున కొట్టింది. కొట్టిన దెబ్బ సరిగ్గా ట్రిమ్మరు బటను మీద పడినట్టుంది. పెట్టెలోంచి జుయ్యిమని చప్పుడు మొదలైంది.

లైనులో నా వెనక పింఛను కోసం వచ్చిన పూండి తాత ఉన్నాడు. ఆయనకు చెవుడు. ఇంటి పక్కన పెళ్లి మేళం వచ్చినా కదలడని పేరు. ఆయనే ముందు ఉలిక్కిపడ్డాడు.

"ఏటమ్మా అది?"

"పురుగు తాతా, పప్పులో పురుగు" అంది చేపల గంప పక్కన పెట్టుకున్న ఒకావిడ.

"పురుగైతే ఇంత గోలెడతాదేటి? ఇది తుమ్మెద."

"తుమ్మెదకి జీడిపప్పు ఎందుకు?"

"ఆకలేస్తే నువ్వు తినవేటి?"

కౌంటరావిడ భయపడి ముద్రతో ఇంకో దెబ్బ వేసింది. చప్పుడు ఆగింది. చచ్చిందన్నారందరూ. మూడో దెబ్బ వేసింది. మళ్లీ మొదలైంది.

"కొట్టకమ్మా, దానికి కోపం వత్తంది" అన్నాడు తాత.

ఆవిడ నా వైపు చూసింది. లైనంతా నా వైపు చూసింది. "ఏటి మాస్టారూ?"

బ్యాటరీ అని చెబితే అబద్ధమాడినందుకు పోలీసుల్ని పిలుస్తారేమో అనిపించింది. "పురుగే అయ్యుంటుందండీ" అని పెట్టె చంకలో పెట్టుకుని బయటికి నడిచాను. వెనకాల చేపలావిడ పెట్టె మీది కొట్టు పేరు గట్టిగా చదువుతోంది. బస్సులో నా ఒళ్లో అది ఇంకా మోగుతూనే ఉంది. పక్క సీటాయన లేచి నిలబడి ప్రయాణం చేశాడు.

మర్నాటికి పురుగు పూండి చేరింది. చెవిటి తాతకే వినబడిందంటే ఎంత పురుగో అన్నారు. టెక్కలి చేరేసరికి పిచ్చుకంతైంది. మా స్కూల్లో ఒక కుర్రాడు దానికి రెండు కొమ్ములున్నాయని నాకే చెప్పాడు.

మావ కొట్టుకు జనం తగ్గారు. అది ఆయన తట్టుకునేవాడే. కానీ టెక్కలిలో ఒక మిఠాయి కొట్టు యజమాని ఏటా దీపావళికి ఆయన దగ్గరే పప్పు కొంటాడు. ఆ బేరం పోతే మావకు పండగ లేదు, కొట్టు నిలబడే దారీ లేదు. దాంతో మావ పురుగు వేటలో పడ్డాడు. పప్పు ఏరేది మా అత్త. ఆవిడ చూపు మందగించిందని కళ్లద్దాలు కొనిపెట్టాడు. ఆవిడ ఆ అద్దాలు పెట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసి మాట్లాడ్డం మానేసింది. ఆ తర్వాత పక్కింటి డాక్టరు దగ్గర స్టెతస్కోపు అడిగి తెచ్చి నా మెడలో వేశాడు.

"సైన్సు మాస్టారివి. డబ్బాలన్నీ ఇను" అన్నాడు.

విన్నాను. రేకు డబ్బాల ముందు గొంతుక్కూర్చుని ఒక్కో డబ్బాకూ స్టెతస్కోపు ఆనించి, "లేదు మావా" అంటూ వచ్చాను. పురుగు మా ఇంట్లో బీరువాలో ఉందని నాకొక్కడికే తెలుసు.

"ఊపిరి బిగబట్టి ఇను" అనేవాడు మావ. బిగబట్టేవాణ్ణి.

ఆ సమయంలోనే టెక్కలి మిఠాయి కొట్టాయన వచ్చాడు. డబ్బాల మధ్య నన్ను చూసి, "ఏ డబ్బాలో ఉంది డాక్టరుగారూ?" అన్నాడు. ఆ తర్వాత మావతో, "నాకు నమ్మకం నేక కాదు బాబూ. నీ మేనల్లుడే పురుగని సెప్పేడట. లైనంతా ఇన్నారట" అన్నాడు.

మావ నన్ను తిడతాడనుకున్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని తూకం పళ్లెం పక్కకు జరిపాడు.

"ఆడు సెప్పేడంటే ఉండే ఉంటాది. ఆడు అబద్ధం ఆడడు. ఈసారికి నువ్వు ఇంకో కాడ కొనుక్కో బాబూ. పురుగున్న పప్పు నీకు అమ్మలేను" అన్నాడు.

మెడలో స్టెతస్కోపుతోనే సైకిలెక్కాను. ఇంటికి వెళ్లి ట్రిమ్మరు పట్టుకుని వచ్చేసరికి మిఠాయి కొట్టాయన బస్టాండులో బస్సు ఎక్కబోతున్నాడు. చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చాను. బల్ల మీద ట్రిమ్మరు పెట్టి బటను నొక్కాను. జుయ్యిమంది.

మావ వంగి చూశాడు. అత్త కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసింది.

"ఇదా పురుగు?" అంది. చాలా రోజుల తర్వాత ఆవిడ నోట వచ్చిన మాట అదే.

మిఠాయి కొట్టాయన నవ్వడం మొదలుపెట్టాడు. ఎప్పటిలాగే పప్పు తూయమన్నాడు. మావ మాత్రం నవ్వలేదు.

"పురుగని ఏ కాడ సెప్పేవు?"

"పోస్టాఫీసులో."

"అయితే పద. అక్కడే సెప్పు."

"ఇప్పుడేనా మావా?"

"నేదు, పింఛనుల రోజున. అందరూ ఉంటారు."

అలాగే వెళ్లాం. ముందు కౌంటరావిడకు ట్రిమ్మరు చూపించి, లోపల బ్యాటరీ ఉందని చెప్పాను. ఆవిడ గోడ మీది కాగితం వైపు వేలు చూపించింది.

"ఆ రోజే సెప్పుంటే అయిపోయేది కదా మాస్టారూ. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు, ఉబ్బినవి నా దగ్గరికి తేవద్దు. ఇది లోపల బిగించి ఉంది, నేను పెద్దాఫీసుకి అడిగి సెబుతాను. ఇమానంలో మాత్రం పంపను. బటను లాకు సెయ్యండి. మెత్తగా సుట్టండి, ఏదీ దాని మీద ఒత్తకూడదు. పైన బ్యాటరీ ఉందని రాయండి. ఇంకొకటి, సుట్టూ పప్పు పొయ్యకండి."

పెద్దాఫీసు వాళ్లు రైలు పార్సిలులో పంపవచ్చన్నారు. ఆవిడ ఈసారి ముద్రను ఒక మూల సుతారంగా, చంటిపిల్లకు బొట్టు పెట్టినట్టు వేసింది. పెట్టె మోగలేదు. లైనులో కొంత నిరాశ కనిపించింది.

మావ నా భుజం పట్టుకుని లైను వైపు తిప్పాడు. చేపలావిడ ఉంది. చివర్న గోడకు ఆనుకుని పూండి తాత ఉన్నాడు.

"మావా, ఆ రోజు పెట్టెలో మోగింది మా బావ ట్రిమ్మరు. నీ పప్పులో పురుగు లేదు, ఎప్పుడూ లేదు. భయపడి అబద్ధం చెప్పింది నేను. నీ కొట్టు పేరు పాడు చేశాను. నన్ను క్షమించు" అన్నాను.

మావ తల ఊపాడు. లైను చివరికి చూశాడు.

"గట్టిగా సెప్పు. తాతకి ఇనబడనేదు."

నేను లైను చివరికి నడిచి, తాత చెవి దగ్గర నోరు పెట్టి, మొదటి నుంచి మళ్లీ అరిచాను.