అద్దం లేని పది రోజులు

సెలూన్ నడిపే ఆయన అసలు పేరు బోర్డు మీద ఉంది గానీ, వీధిలో అందరూ ఆయన్ని నిదానం అనే పిలిచేవారు. గడ్డం గీసినా, గచ్చు ఊడ్చినా ఆ చేతికి తొందరన్నది తెలియదు. అలాంటి మనిషి ఒక సోమవారం ఉదయం ఏ పురుగు కుట్టిందో హడావుడి పడి, పైఅరలోని రేకు డబ్బా లాగబోయి గోడంత అద్దం మీద పడేసి దాన్ని పగలగొట్టాడు. కొత్తది బిగించడానికి పది రోజులు పడుతుందన్నాడు అద్దాల కొట్టతను.

"పది రోజులూ మూసేయండి. ఇంట్లో ఫ్యాన్లు తుడుద్దురు గానీ," అంది భార్య.

ఆ మాటతో ఎలాగైనా కొట్టు తెరవాలన్న పట్టుదల ఆయనకి పుట్టుకొచ్చింది.

మొదట వచ్చినవాడు కుర్చీలో కూర్చుని, బోసిగోడ చూసి లేచిపోయాడు. "గోడని చూస్తూ కూర్చోడానికి నాకు ఆఫీసుందిగా బాబాయ్," అన్నాడు. చేతి అద్దం ఇస్తే అందులో ముక్కు కనిపిస్తే చెవి కనిపించదు. చివరికి నిదానం కుర్చీని బెంచీ వైపు తిప్పేశాడు. ఎలా ఉందో వంతు కోసం కూర్చున్నవాళ్ళనే అడగమన్నాడు.

అంతవరకూ పేపరు చాటున మొహాలు దాచుకునే బెంచీకి ఆ రోజు నోరొచ్చింది. తపాలా గుమస్తా ఒకాయన బట్టతల మీదికి నాలుగు వెంట్రుకలు ఎన్నేళ్ళుగానో అటునుంచి ఇటు దువ్వుకొస్తున్నాడు. "వాటికీ కష్టం, మీకూ కష్టం. వదిలేయండి, గుండు మీకు అందంగా ఉంటుంది," అందో పెద్దాయన గొంతు. గుమస్తా ఒక్క నిమిషం ఆలోచించి తీయించేశాడు. నిదానం పన్నెండేళ్ళుగా గొంతులో దాచుకున్న మాట అది.

అద్దం ముందు ప్రతివాడూ తనలో వంకలే వెతుక్కునేవాడు. బెంచీ మీదివాళ్ళు బాగున్నది ముందు చెప్పి, బాగోలేనిది తర్వాత నవ్వుతూ చెప్పేవారు. లోకమంతా పుల్లవిరుపు మాటలవాళ్ళేనని నమ్మిన నిదానానికి ఇది వింతగా తోచింది.

ఏడో రోజు లెక్కల మాస్టారు మీసం కత్తిరించుకుంటుండగా గడియారాలు బాగుచేసే ఆయన లోపలికొచ్చాడు. కుర్చీలో ఎవరున్నారో చూశాడు. వెనక్కి తిరిగితే ఓడిపోయినట్టవుతుందని బెంచీ మీద కూర్చున్నాడు. మాస్టారి అక్క మొగుడే ఆయన. మూడేళ్ళ కిందట చుట్టాల పెళ్ళిలో, ఫోటోకి ముందు వరస కుర్చీ ఎవరిదన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఎదురెదురు ఇళ్ళవాళ్ళకి అసలు మాటలే లేకుండా పోయాయి.

"రెండు పక్కలా సమానంగా వచ్చిందా?" అన్నారు మాస్టారు పైకప్పు చూస్తూ.

"వచ్చిందండీ," అన్నాడు నిదానం.

"నీ పని బాగుందని నువ్వే అంటే ఎలా?"

"అయితే ఆయన్ని అడగండి."

"నువ్వడుగు."

నిదానం నవ్వు ఆపుకుంటూ, వేడినీళ్ళు తెస్తానని వెనక గదిలోకి వెళ్ళి తలుపు చాటున నిలబడ్డాడు. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఎడంపక్క పిసరంత ఎక్కువుంది," అన్నాడు గడియారాలాయన. "ఇలాగే బడికెళ్తే మాస్టారికి లెక్క తప్పిందంటారు పిల్లలు."

"నిజంగానే అంటున్నావా బావా, కక్షతోనా?"

"కక్షే ఉంటే, బాగుందని పంపించేసేవాణ్ణి కదరా."

తలుపు చాటున నిదానం నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. బయట ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఎడంపక్క సరిచేశాక, ఈసారి బావ గడ్డం గీయించుకుంటుంటే మాస్టారు బెంచీ మీద కూర్చుని, పని లేకపోయినా, ఇంకాస్త ఇటు, ఇంకాస్త అటు అని అజమాయిషీ చేశారు. టీ తాగడానికి ఇద్దరూ కలిసే వెళ్ళారు.

అద్దం వచ్చింది, గోడకెక్కింది. బెంచీ నోరు మాత్రం మళ్ళీ మూతపడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఇదంతా చెప్పి, తన జుట్టు తానే కత్తిరించుకునే నిదానం భార్యని అడిగాడు, "నా తల ఎలా ఉంటుంది?"

"వెనక మెట్లు కట్టినట్టుంటుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా."

ఆయన లేచి, కత్తెర తెచ్చి ఆమె చేతికిచ్చి, పీట వాల్చుకుని కూర్చున్నాడు. "నిదానంగా కానీ," అన్నాడు.