తార్నాకలో కనిపించిన పరుగు

జనగామలో పొద్దున్నే ప్యాసింజర్ రైలెక్కాం, నేనూ మా అన్న కూతురు శ్రావణీ. నేను అక్కడి బడిలో పీఈటీని. శ్రావణి మా ఫుట్‌బాల్ జట్టులో ఫార్వర్డ్. రాష్ట్ర జట్టు ఎంపికలు దగ్గరపడ్డాయి. పరుగును యంత్రాలతో కొలిచి లోపాలు చెబుతారని విని, తార్నాక పక్కనున్న యూనివర్సిటీకి బయలుదేరాం. ఎదురు సీటు పెద్దమ్మ, "ఉరుకుడు గుడ కొలుస్తరా బిడ్డా?" అని నవ్వింది.

సికింద్రాబాద్‌లో దిగి, మెట్రోలో తార్నాక చేరేసరికి తొమ్మిదిన్నర. స్టేషన్ కింద ఇడ్లీ తిన్నాం. మీరు వెళితే తేలిగ్గానే తినండి, లోపల చాలాసేపు దూకిస్తారు. క్యాంపస్‌లో చెట్ల మధ్య ఓ పాత షెడ్డు ముందు ఆటో ఆగింది.

లోపల కిటికీల్లేవు. గోడలకు నల్ల తెరలు, పైన చుట్టూ కెమెరాలు, ఒక్కోదానికీ ఎర్రటి వెలుగు. కొలతలు తీసే సునీత మేడమ్ శ్రావణి భుజాలకు, ఛాతీకి, మోకాళ్లకు, మడమలకు మెరిసే చిన్న గుండ్లు అంటించారు.

"భయపడకమ్మా. ఆ కెమెరాలకు నీ మొహం కనపడదు, ఈ గుండ్లే కనపడతాయి."

శ్రావణి పరుగెత్తింది, తన్నింది, దూకింది. తర్వాత కంప్యూటర్ తెర చూపించారు. నల్లటి తెర మీద తెల్ల చుక్కలు పరుగెడుతున్నాయి. బంతి తన్నే ముందు కుడి భుజం కాస్త వాల్చి ఓ చిన్న గెంతు. అది మా అన్న. రోజూ మైదానంలో చూసే పిల్లలో ఎన్నడూ కనపడలేదు. మొహం తీసేసేసరికి కనపడ్డాడు.

శ్రావణి పుట్టకముందే అన్న జ్వరంతో పోయాడు. అతను ఆడిన వీడియో ఒక్కటీ లేదు.

"ఏంది చిన్నాయనా, గట్ల చూస్తున్నవ్?"

"మీ నాయన గిట్లనే ఉరికెటోడు."

శ్రావణి తెర వైపు తిరిగింది. "మల్లోసారి పెట్టుండ్రి మేడమ్," అంది.

పరుగు ముగిసి చుక్కలు నిలబడ్డాయి. నిలబడి కూడా ఛాతీ దగ్గర మెల్లగా లేచి పడుతున్నాయి. ఊపిరి తీసుకుంటున్నాయి. నా పక్కనున్న శ్రావణి మాత్రం ఊపిరి బిగబట్టింది.

సునీత మేడమ్ ఓ చోట ఆపారు. "చూడండి, దూకి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోంది. ఇలాగే ఆడితే ఏదో ఒకరోజు దెబ్బతింటుంది."

అన్న మోకాలు అలాగే పోయింది. ఎవరూ తగలకుండానే మైదానంలో కూలిపోయాడు, మళ్లీ బూట్లు తొడగలేదు. దిష్టి అంది అమ్మ, మేమూ నమ్మాం. ఆ కూలబోయే క్షణం ఇప్పుడు తెర మీద ఆగి ఉంది.

మధ్యాహ్నమంతా చెక్కపెట్టె మీంచి దూకించి, మోకాళ్లు వంచి నేరుగా దిగడం నేర్పారు.

"మార్చుకుంటే మా నాయన ఉరుకుడు పోతదా మేడమ్?"

"పరుగు పోదమ్మా. దిగడమే మారుతుంది. రోజూ చేయి."

తిరుగు రైల్లో మౌలాలి దాటాక శ్రావణి అడిగింది: "చెప్పెటోళ్లు ఉంటే నాయన ఇంకా ఆడెటోడా?"

"ఆడెటోడు."

కొలతలకు పిల్లలను తీసుకెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఆ తెర ముందు వాళ్లను ఒంటరిగా వదలకండి.

జనగామలో దిగేసరికి మసక చీకటి. శ్రావణి ముందు నడుస్తోంది. వెనకనుంచి మొహం కనపడటం లేదు. పక్కకు వెళ్లి నడవొచ్చు. ఇంటి గేటు దాకా కావాలనే వెనకే నడిచాను.